వంతకు చోటిచ్చినవాళ్లు: సుద్దాల హనుమంతు, అర్సేనియో రోద్రిగెస్

బృందగానం గురించి రాసేటప్పుడు మన విమర్శకు ఒక అలవాటుంది. పాట ఎవరు కట్టారో చెబుతాం, ఎవరు పాడారో చెబుతాం. జట్టును ఎవరు కూర్చారు, ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టారు, పాటను ఏ చోట ఆపి పక్కవాడికి అందించారు అన్నవి మాత్రం అడగం. ఆ ప్రశ్నలు అడిగితే నల్లగొండ జిల్లా సుద్దాల హనుమంతు, క్యూబా దేశపు అర్సేనియో రోద్రిగెస్ ఒకే వరుసలోకి వస్తారు. ఒకాయన గొల్లసుద్దుల జట్టును నడిపినవాడు, రెండో ఆయన నాట్యశాలల్లో వాద్యబృందాన్ని నడిపినవాడు. ఒకరి పేరు ఇంకొకరు విని ఉండే అవకాశం లేదు. అయినా ఇద్దరూ ఒకే కాలంలో, ఒకే సమస్య ముందు నిలబడ్డారు. పల్లె నుంచి వచ్చిన చిన్న కళారూపం ఇరవయ్యో శతాబ్దపు పెద్ద గుంపుకు సరిపోవాలంటే దాన్ని ఎటువైపు పెంచాలన్నదే ఆ సమస్య.

హనుమంతు గురించి తెలుగు పాఠకులకు పెద్దగా పరిచయం అక్కర్లేదు. 1910 ప్రాంతంలో మోత్కూరు దగ్గరి పాలడుగులో పేద పద్మశాలి కుటుంబంలో పుట్టి, సుద్దాలలో స్థిరపడి, ఆ ఊరి పేరునే ఇంటిపేరుగా మోసిన మనిషి. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన ఆంధ్రమహాసభ నాటికే ఆయన ఉద్యమంలో ఉన్నాడు. గొల్లసుద్దులు, బుర్రకథ, యక్షగానం, పిట్టలదొర, ఫకీరు వేషం, ఇలా ఊరికి తెలిసిన వేషాలన్నిటినీ ఆ ఉద్యమం పనికి మళ్లించాడు. 1982లో కన్నుమూశాడు.

అర్సేనియో 1911లో క్యూబాలోని మతాంజాస్ ప్రాంతంలో, ఆఫ్రికాలోని కాంగో నుంచి బానిసలుగా తెచ్చినవారి వంశంలో పుట్టాడు. చిన్నప్పుడే పశువు తన్నడంతో చూపు పోయింది. గ్వీనెస్ పట్నంలో పెరిగి, ‘త్రెస్’ అనే తీగవాద్యం పట్టాడు. గిటారును పోలిన ఆ వాద్యానికి మూడు జతల తీగలు. అది తూర్పు క్యూబా పల్లెల సొత్తు. హవానా చేరి 1940లో సొంత బృందం కట్టాడు. జనం ఆయనను ‘అద్భుతమైన అంధుడు’ అని పిలుచుకున్నారు. 1952 ప్రాంతంలో న్యూయార్క్‌లో స్థిరపడి, 1970 చివర లాస్ ఏంజెలెస్‌లో మరణించాడు.

ఇద్దరి గొప్ప దశాబ్దం దాదాపు ఒకటే. 1940ల తొలినాళ్లలో మొదలై 1950ల మొదట్లో ముగిసే కాలమది. భువనగిరి సభ నుంచి 1951 అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాట విరమణ దాకా హనుమంతు పాటకు ఉచ్చదశ. అదేవిధంగా 1940 నుంచి హవానా వదిలేదాకా అర్సేనియోకు ఉచ్చదశ. అయితే ఆ పదేళ్లూ ఒకాయన నిషేధాల నీడలో పాడాడు, ఇంకో ఆయన టికెట్టు కొనుక్కుని వచ్చిన నాట్యకారుల ముందు వాయించాడు. ఈ తేడా చిన్నది కాదు. దాని ఫలితాలు తర్వాత చూద్దాం.

ముందు వారసత్వం సంగతి. గొల్లసుద్దులు పశువుల కాపరుల కథాగానం. ప్రధాన కథకుడికి భుజాన గొంగడి, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. అటూ ఇటూ ఇద్దరు వంతలు. కథకుడు ఒక చరణం అంటాడు, వంతలు అందుకుంటారు. మధ్యలో వచనం, ఆ వచనంలో హాస్యం, ప్రశ్న, ఎదురు ప్రశ్న. కథకుడు ముందుకు నడిస్తే వంతలు ఆ అడుగును అనుసరిస్తారు. ఒకప్పుడు యాదవ వీరుల గాథలకూ నీతికథలకూ వాడిన రూపమిది. పెద్ద సామగ్రి అక్కర్లేదు. రచ్చబండ చాలు, లాంతరు వెలుగు చాలు.

అర్సేనియో చేతికి అందిన రూపం ‘సోన్’. అది కూడా చిన్న జట్టు పాటే. 1920లలో హవానాలో దానికి ఆరుగురు ఉండేవారు: త్రెస్, గిటారు, బాస్, బొంగో, మరాకాలు, క్లావె కర్రలు. 1927లో ఇగ్నాసియో పిన్యేరో తన జట్టులో ఒక ట్రంపెట్ చేర్చాక ఏడుగురయ్యారు. సోన్ పాట రెండు భాగాలు. మొదట గాయకుడు నింపాదిగా తన మాట చెబుతాడు. తర్వాత ‘మోంతూనో’ అనే భాగం వస్తుంది. అక్కడ కోరస్ ఒకే పల్లవిని తిప్పి తిప్పి పాడుతుంది, గాయకుడు దానికి ఎదురుగా అప్పటికప్పుడు మాటలు కట్టి విసురుతాడు. మన బుర్రకథ, ఒగ్గుకథ, గొల్లసుద్దులు విని పెరిగిన చెవికి ఈ పద్ధతి కొత్తగా ఉండదు. ఒకరు అనడం, ఇంకొందరు అందుకోవడం అనే అమరిక రెండు చోట్లా ఇంటి గడపంత పాతది.

అయితే వరుస తేడా ఉంది. గొల్లసుద్దుల్లో వంత మొదటినుంచీ పాటతోనే ఉంటుంది, ప్రతి చరణం చివరా కథకుడిని మోస్తుంది. సోన్‌లో వంత కోసం కొంతసేపు ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపులోనే నాట్యకారుడి ఒళ్లు వేడెక్కుతుంది. మోంతూనో మొదలయ్యాక అప్పటిదాకా ఒద్దికగా అడుగులు వేసినవాళ్లు విడిచిపెట్టి ఆడతారు. మన దగ్గర వంత అర్థాన్ని నిలబెడుతుంది, అక్కడ వంత అడుగును నిలబెడుతుంది.

ఇక ఇద్దరూ చేసిన మార్పు. అర్సేనియో ముట్టుకున్నది జట్టు నిర్మాణాన్ని. ఏడుగురి జట్టుకు పియానో చేర్చాడు, ట్రంపెట్‌లను రెండు, ఆపైన మూడు చేశాడు. అన్నిటికన్నా ముఖ్యంగా ‘తుంబదోరా’ను, అంటే లోకం కాంగా అని పిలిచే పొడవాటి డోలును, నాట్యబృందం నడిమధ్యకు తెచ్చాడు. ఆ డోలును తమ్ముడు కీకె చేతికి ఇచ్చాడు. క్యూబాలో 1886 దాకా బానిసత్వం ఉంది. అది పోయాక కూడా ఆఫ్రికా డోళ్లను పెద్దమనుషుల సమాజం చాలాకాలం అనుమానంగా, చిన్నచూపుగా చూసింది. వీధిలో, గుడిసెల ముంగిట, పూజల్లో మోగిన ఆ వాద్యాన్ని ట్రంపెట్‌లకూ పియానోకూ సమానంగా కూర్చోబెట్టడం సంగీత నిర్ణయమే. సామాజిక నిర్ణయం కూడా. ఆయన కూర్చిన ఈ కొత్త జట్టు రూపాన్నే ‘కోన్హుంతో’ అన్నారు.

హనుమంతు జట్టు నిర్మాణాన్ని పెద్దగా కదిలించలేదు. గొంగడి అలాగే ఉంది, కర్ర అలాగే ఉంది, ఇద్దరు వంతలూ అలాగే ఉన్నారు. ఆయన మార్చింది కథలోని మనుషులను. వీరులున్న చోట జీతగాడు వచ్చాడు. దేవతల ఆగ్రహం ఉన్న చోట దొర గడీ వచ్చింది. గొర్లకాపరి వేషంలో ఉన్నవాడు ఎవరి గొర్లు, ఎవరి భూమి, ఎవరి చెమట అని అడగడం మొదలుపెట్టాడు. వినేవాళ్లకు వేషం తెలుసు, బాణీ తెలుసు, వంత ఎక్కడ అందుకోవాలో తెలుసు. కొత్తది ప్రశ్న ఒక్కటే. రూపాన్ని అంత నమ్మకంగా కాపాడినందువల్లే ఆ ప్రశ్న అంత సూటిగా తగిలింది.

ఒకాయన రూపాన్ని విస్తరించి లోపలి స్వభావాన్ని నిలబెట్టాడు, ఇంకో ఆయన రూపాన్ని నిలబెట్టి లోపలి విషయాన్ని విస్తరించాడు. ఈ రెండిట్లో ఏది పెద్ద సాహసమని అడిగితే తూకం ఎటూ మొగ్గదు. పరిస్థితులు వేరు. హవానా నాట్యశాలలో వందల జోడీలు ఆడుతుంటే సన్నటి త్రెస్ ఒక్కటీ వినపడదు. ఇత్తడి కావాలి, డోలు కావాలి. నల్లగొండ పల్లెలో రాత్రిపూట గుమిగూడిన జనానికి కొత్త వాద్యం అక్కర్లేదు. తెల్లారేసరికి జట్టు ఇంకో ఊరికి చేరాలి కనుక చంకన పెట్టుకుని పోగలిగినదే వాద్యం.

ఇక్కడ నిజాం రాజ్యపు ఆంక్షలను గుర్తుచేసుకోవాలి. సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని చెప్పే గస్తీ నిషాన్ 53 అమల్లో ఉన్న కాలమది. సభకు అనుమతి కావాలి, అయితే ఊళ్లో గొల్లసుద్దులు చెప్పుకోవడం తాతల నాటి వాడుక. 1946 జులై 4న కడవెండిలో ఉద్యమ కార్యకర్త దొడ్డి కొమరయ్య నేలకొరిగాక పరిస్థితి ఇంకా బిగుసుకుంది. అలాంటి చోట వేషం కళాకారుడికి రక్షణ కూడా అయింది. ఫకీరు వేషంలో తిరిగేవాడిని, పిట్టలదొర వేషంలో నవ్వించేవాడిని ఊరు అనుమానించదు. హనుమంతు అన్ని వేషాలు కట్టడం వెనక కళాభిరుచి ఎంత ఉందో ఈ వ్యూహం కూడా అంత ఉందని నేననుకుంటాను.

అర్సేనియోకు అడ్డుపడ్డ గోడ వేరే రకం. ఆయన పాటను ఎవరూ నిషేధించలేదు. ఆయన ప్రవేశాన్ని మాత్రం రంగు నిర్ణయించింది. 1937లో ఆయన కట్టిన ‘బ్రూకా మనిగ్వా’ అనే పాటను రికార్డు చేసి పేరు తెచ్చింది దాదాపు అందరూ తెల్లవాళ్లే ఉన్న ‘కసీనో దె లా ప్లాయా’ బృందం. మిగెలీతో వాల్దెస్ పాడాడు. పాట కట్టిన మనిషికి తెల్లవాళ్ల క్లబ్బుల తలుపులు తెరుచుకోలేదు. ఆయన ప్రేక్షకులు నల్లజాతి సంఘాల హాళ్లలో, లా త్రొపికాల్ తోటల్లో ఆడే శ్రమజీవులు. వాళ్ల పేటల పేర్లతో ఆయన పాటలు కట్టాడు. ఒక్కో పేట తన పేరు వినగానే ఉప్పొంగేది. మన ఊరి పేరు పాటలో వస్తే మనకెలా ఉంటుందో అలాగే.

ఈ పాట దగ్గర ఇద్దరూ బాగా దగ్గరవుతారు. ‘బ్రూకా మనిగ్వా’లో మాట్లాడేది బానిస. ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్లు మాట్లాడిన విరుపుల స్పానిష్‌లో, కాంగో మాటలు కలిపి, తనను నలిపేస్తున్న తెల్లవాడి గురించి, తనకు కావలసిన స్వేచ్ఛ గురించి చెబుతాడు. హనుమంతు బాగా పేరుపొందిన పాటలోనూ పశువులు కాసే పసివాడు ఉన్నాడు. అక్కడ పాటగాడు ఆ పిల్లవాడిని పలకరిస్తాడు, ఒంటి మీది చింపులంగి గురించి, కాలి చెప్పుల గురించి, జీతం గురించి ఒక్కొక్కటే అడుగుతాడు. ఇద్దరూ శ్రమ దోపిడీని పెద్ద మాటల్లో వర్ణించలేదు. ఇద్దరూ ఒక మనిషిని మన ఎదుట నిలబెట్టారు.

తేడా మాత్రం గమనించదగ్గది. అర్సేనియో బానిస గొంతుతో తానే మాట్లాడతాడు. హనుమంతు పసులకాపరి వైపు తిరిగి మాట్లాడతాడు. మొదటిదాంట్లో పాడేవాడు, బాధపడేవాడు ఒక్కరే. రెండోదాంట్లో పాడేవాడు పెద్దన్నలా పక్కన కూర్చుంటాడు. అందుకే మొదటి పాటలో ధిక్కారం ముందుకొస్తుంది, రెండో పాటలో ఆర్తి ముందుకొస్తుంది. ఇంకో తేడా కాలానికి సంబంధించింది. క్యూబాలో చట్టబద్ధమైన బానిసత్వం ముగిసి యాభై ఏళ్లు దాటాక వచ్చిన పాట అది. పెద్దల నోట విన్న జ్ఞాపకం నుంచి పుట్టింది. వెట్టి మాత్రం హనుమంతు పాడుతున్న రోజున, ఆయన పాడుతున్న ఊళ్లోనే నడుస్తోంది. వినేవాళ్లలో సగంమంది మర్నాడు పొద్దున వెట్టికి పోవలసినవాళ్లు. ఆ పాట విని ఏడ్చి ఊరుకోవడానికి వీల్లేదు. పోవాలా మానాలా అన్న నిర్ణయం తెల్లారేలోగా తీసుకోవాలి.

లయ విషయానికి వద్దాం. క్యూబా సంగీతానికి వెన్నెముక క్లావె. రెండు కర్రముక్కలతో కొట్టే అయిదు దెబ్బల వరస అది. ఒక సగంలో మూడు, రెండో సగంలో రెండు. బృందంలో ప్రతి వాద్యమూ ఆ అయిదింటికి కట్టుబడే తిరుగుతుంది. అర్సేనియో గొప్పతనం ఏమిటంటే పియానో ఒక తునక, బాస్ ఒక తునక, త్రెస్ ఒక తునక వాయించేలా కూర్చి, ఏ ఒక్కదాన్నీ విడిగా వింటే పాట కాకుండా, అన్నీ కలిస్తేనే పాట అయ్యేలా చేశాడు. పైగా వేగం తగ్గించాడు. ఆయన సోన్ బరువుగా, నిదానంగా, దెబ్బకూ దెబ్బకూ మధ్య చోటు వదులుతూ నడుస్తుంది. హవానా నల్లజాతి నాట్యకారులు ఆ చోటులోనే, దెబ్బ పడని జాగాలో కాలు వేసి ఆడేవారు.

మన పాటలో అంత బిగువైన అల్లిక వాద్యాల మధ్య ఉండదు, మాటకూ అడుగుకూ మధ్య ఉంటుంది. తిశ్ర, మిశ్ర గతుల్లో నడిచే జానపద బాణీకి మాట విరిగే చోటే తాళం. ‘ఉయ్యాలో’ అని ఆడవాళ్లు అందుకునే చోట ఊపిరి తీసుకోవడానికి, అడుగు వేయడానికి, విన్నమాట లోపలికి పోవడానికి ఒకేసారి వీలు దొరుకుతుంది. తెలంగాణ పోరాట పాటలు ఉయ్యాల బాణీలను, కోలాటం బాణీలను అంత విరివిగా వాడుకోవడం వెనక ఈ ఇంగితం ఉంది. హనుమంతుకు అది బాగా తెలుసు. వరుసగా ప్రశ్నలు వేసే పాటకు ప్రశ్న తర్వాత ఖాళీ కావాలి. జవాబు వినేవాడి మనసులో పుట్టాలి. అర్సేనియో వదిలిన ఖాళీలో కాలు పడింది, హనుమంతు వదిలిన ఖాళీలో ఆలోచన పడింది. ఇద్దరి విద్యా ఆ ఖాళీని కొలిచి వదలడంలోనే ఉంది.

వాద్యాల సంగతి వచ్చింది కనుక పాలమూరు వైపు కూడా చూడాలి. త్రెస్ లాంటి పల్లె తీగవాద్యం మనకూ ఉంది. డక్కలి కళాకారులు కాపాడుకొచ్చిన కిన్నెర అది. సొరకాయ బుర్రలు, పొడవాటి దండె, మెట్లు. ఆ తీగల మీద పండుగ సాయన్న కథ, ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టిన ఆ పాలమూరు వీరుడి కథ, తరాలు నడిచింది. నాగర్‌కర్నూల్ ప్రాంతపు దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెరతో ఆ కథలు చెప్పి 2022లో పద్మశ్రీ అందుకున్నాడు. అంతకు ముందు ఏడాది ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో ఆయన గొంతు ఇంటింటికీ చేరింది. అయితే త్రెస్‌కు దొరికిన అదృష్టం కిన్నెరకు దొరకలేదు. త్రెస్ ఒక బృందం నడుమ కూర్చుంది, మిగతా వాద్యాలకు దారి చూపింది. కిన్నెర ఒంటరిగానే మిగిలింది. అదేవిధంగా హవానాలో తుంబదోరా నడిమధ్యకు వచ్చిన రోజుల్లో, మన పల్లెల్లో డప్పు ఇంకా ఊరి చివరే ఉంది. దాన్ని వేదిక నడుమ నిలబెట్టడం గద్దర్ తరం నుంచి మాత్రమే పూర్తిగా సాధ్యమైంది. హనుమంతు మాట విషయంలో తెచ్చిన మార్పునూ, అర్సేనియో వాద్యం విషయంలో తెచ్చిన మార్పునూ కలిపి చేయడానికి మనకు ఇంకో తరం పట్టింది.

ఇద్దరి జీవితాల్లో రెండో భాగం మొదటి భాగమంత వెలుగులో గడవలేదు. అర్సేనియో 1947లో కంటి వైద్యం కోసం న్యూయార్క్ వెళ్లాడు. చూపు తిరిగిరాదని అక్కడి వైద్యుడు చెప్పాక ఆయన కట్టిన ‘లా విదా ఎస్ ఉన్ స్వేన్యో’ అనే నెమ్మదైన పాట ఇప్పటికీ లాటిన్ లోకం పాడుకుంటోంది. జీవితం కల అన్నది దాని సారం. తర్వాత ఆ నగరంలోనే స్థిరపడ్డాడు. అప్పటికి న్యూయార్క్‌లో పల్లాడియం హాలు వెలుగుతోంది. మచీతో, టీటో పుయెంతే, టీటో రోద్రిగెస్ బృందాల మెరుపు, వేగం, పెద్ద ఇత్తడి వరసలు జనాన్ని లాగుతున్నాయి. అర్సేనియో నిదానం అక్కడ పాతదిగా వినిపించింది. బ్రాంక్స్, హార్లెం పేటల్లోని చిన్న హాళ్లలో తన జనానికి వాయిస్తూ గడిపాడు. ప్రయోగాలు మాత్రం ఆపలేదు. 1957లో సబూ మార్తీనెస్ చేసిన ‘పాలో కాంగో’ రికార్డులో ఆయన త్రెస్, గొంతు, కాంగో వారసత్వం మూడూ వినిపిస్తాయి.

హనుమంతు ఎక్కడికీ వలస పోలేదు. ఆయన విషయంలో వలస పోయింది కాలం. 1948 పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది, 1951లో పోరాటం ఆగింది. దొర మీద కట్టిన పాటకు ఎన్నికల కాలంలో పాత వేదిక లేదు. ఆయన ‘వీర తెలంగాణ’ యక్షగానం రాసి, జరిగినదాన్ని కథగా నిలబెట్టే పనికి పూనుకున్నాడు. పోరాట సమయంలో ఆయుధమైన రూపం తర్వాత జ్ఞాపకమైంది. న్యూయార్క్‌లో అర్సేనియో తన తాతల కాంగో పాటల వైపు తిరిగినట్టే, హనుమంతు కూడా తాను నడిచివచ్చిన దారివైపు తిరిగాడు. ఒకాయన ఊరు మారడం వల్ల వెనక్కి చూశాడు, ఇంకో ఆయన ఊరు మారకపోయినా రోజులు మారడం వల్ల వెనక్కి చూశాడు.

అసలు పరీక్ష ఇద్దరూ పోయాక వచ్చింది. జట్టు నడిపినవాడి విలువ అతను లేనప్పుడు జట్టు ఏమైందో చూస్తే తెలుస్తుంది. అర్సేనియో న్యూయార్క్ వెళ్లగానే హవానాలోని ఆయన మనుషులు ట్రంపెట్ విద్వాంసుడు ఫెలిక్స్ చపొత్తీన్ నాయకత్వంలో కొనసాగారు. ఆ జట్టు అదే శైలిని దశాబ్దాలు మోసింది. 1940లలో ఆయన దగ్గర పియానో వాయించిన రుబేన్ గొన్సాలెస్ 1990ల చివర ‘బ్వేనా విస్తా సోషల్ క్లబ్’తో లోకానికి మళ్లీ వినిపించాడు. 1970లలో న్యూయార్క్‌లో సాల్సా అన్న పేరుతో వెల్లువెత్తిన సంగీతానికి పునాది అర్సేనియో కూర్చిన బృందరూపమే. ఆయన పోయిన కొద్దికాలానికే ల్యారీ హార్లో ఆయన స్మృతికి ఒక రికార్డు అంకితం చేశాడు. సాల్సాకు అడుగు వేసే లక్షలమందికి మాత్రం ఆయన పేరు తెలియదు.

హనుమంతు తర్వాత కథ కూడా ఇలాగే ఉంది. 1980లో విడుదలైన ‘మా భూమి’ సినిమా ఆయన పసులకాపరి పాటను కొత్త తరానికి చేర్చింది. అదే సినిమాలో గద్దర్ గొంతులో వినిపించింది బండి యాదగిరి పాట. గోచి, గొంగడి, కర్రతో వేదిక ఎక్కిన గద్దర్ వేషానికి ఒక పూర్వరూపం గొల్లసుద్దుల వేదిక మీద ఉందని నా అభిప్రాయం. పాలమూరు గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న పాటలో పల్లెను ఒక మనిషిలా పలకరించే తీరు కూడా ఆ దారిలోదే. మలిదశ తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద ఒకరు అని పదిమంది అందుకున్న పద్ధతీ అదే. కొడుకు సుద్దాల అశోక్‌తేజ సినిమాపాటలో ఆ ఒరవడిని తీసుకువెళ్లి, 2003 నాటి ‘ఠాగూర్’ పాటకు జాతీయ పురస్కారం అందుకున్నాడు. తల్లిదండ్రుల పేరిట హనుమంతు–జానకమ్మ పురస్కారం కూడా నెలకొల్పాడు. అయినా ధూంధాంలో గొంతు కలిపినవాళ్లలో ఎంతోమందికి ఈ రూపాన్ని ఎవరు మలుపు తిప్పారో తెలియదు. అనామకత్వం ఇక్కడ అవమానం కాదు. వంతకు అంత చోటిచ్చిన నాయకుడి పని చివరికి అందరి పనిగా కనిపించడమే న్యాయం.

అయితే విమర్శ చేసే అన్యాయం వేరు. అది ఇద్దరికీ చెరొక సగం చేసింది. అర్సేనియో 1940 నుంచి ఆర్సీఏ విక్టర్ సంస్థకు రికార్డులు ఇచ్చాడు కనుక ఆయన లయ మనకు చెక్కుచెదరకుండా దొరికింది. దాంతో రాసేవాళ్లంతా లయ చుట్టూనే తిరిగారు. మాంబో అనే నాట్యసంగీతాన్ని ఎవరు పుట్టించారు, ట్రంపెట్‌లు ఎన్ని, డోలు ఎప్పుడు చేరింది అన్న వాదాలతో పుటలు నింపారు. ఆ పాటల్లో బానిస ఏం చెప్పాడో, పేట గురించి, జాతి గురించి కవి ఏమన్నాడో చాలాకాలం పక్కన పెట్టారు. ఆడేవాళ్ల సంగీతంలో ఆలోచన ఉండదన్న పాత దురభిప్రాయం దీని వెనక ఉంది.

హనుమంతు విషయంలో సరిగ్గా దీనికి తలకిందులు జరిగింది. ఆయన పాట నోటి నుంచి నోటికి, ఆ తర్వాత కాగితం మీదికి చేరింది. జయధీర్ తిరుమలరావు వంటి పరిశోధకులు పోరాట పాటలను శ్రమపడి సేకరించి నిలబెట్టారు. ఆ రుణం పెద్దది. కానీ పాఠాన్ని అచ్చులో చదివే విమర్శ మాటలను మాత్రమే చూసింది. భూమి, భుక్తి, విముక్తి అన్న భావాలను ఎత్తిచూపింది, వర్గస్పృహను మెచ్చుకుంది. ఏ బాణీలో, ఏ వేగంలో, వంత ఏ అక్షరం దగ్గర అందుకుంటే, కథకుడు ఎన్ని అడుగులు వెనక్కి వేస్తే ఆ మాట గుండెకు తగిలిందో చెప్పలేదు. పోరాట సాహిత్యంలో కళ గురించి ప్రత్యేకంగా మాట్లాడనక్కర్లేదన్న ఊహ దీని వెనక ఉంది. అది కూడా దురభిప్రాయమే.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదవడం వల్ల కలిగే లాభం ఇక్కడే. అర్సేనియోను వినడానికి హనుమంతు మనకు మాట మీద చెవి పెట్టడం నేర్పుతాడు. ఆడించే పాట అడగగలదనీ, ఆ అడగడం వల్లే ఆట బరువెక్కుతుందనీ తెలుస్తుంది. అదేవిధంగా హనుమంతును చదవడానికి అర్సేనియో మనకు ఖాళీ మీద, దెబ్బ మీద, జట్టు కూర్పు మీద చెవి పెట్టడం నేర్పుతాడు. ప్రశ్న ఎంత న్యాయమైనదైనా లయ తప్పితే ఊరు దాన్ని మోయదనీ, హనుమంతు పాటను డెబ్బై ఎనభై ఏళ్లుగా మోసింది న్యాయం ఒక్కటే కాదనీ తెలుస్తుంది.

కాబట్టి మన చేతిలో ఉన్న పని స్పష్టం. నల్లగొండ, పాలమూరు ఊళ్లలో గొల్లసుద్దుల వంతలుగా నిలబడినవాళ్ల దగ్గర ఆ పాటను విన్న శిష్యులు, పిల్లలు ఇంకా ఉన్నారు. పాఠం సేకరించినంత శ్రద్ధగా వాళ్ల బాణీని, వేగాన్ని, అడుగును, వంత అందుకునే చోటును రికార్డు చేయాలి. హనుమంతు పాటల పుస్తకం పక్కన స్వరాలూ తాళాలూ అచ్చుకావాలి, విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు, సంగీత శాఖలు కలిసి ఆ పని చేయాలి. అర్సేనియో పాటల అర్థాలను లయ పండితులు ఆలస్యంగానైనా చదవడం మొదలుపెట్టారు. హనుమంతు లయను అర్థం తెలిసిన మనం వినడం మొదలుపెడితే, జట్టు నడిపిన ఇద్దరు పెద్దలకూ పూర్తి లెక్క దక్కుతుంది.